న్యూజెర్సీలో మా పెన్షన్‌కి తగ్గ అద్దె ఇల్లు దొరికే దాకా

పోయిన వారం తాళాలు చేతికొచ్చాయి. ఒక బెడ్‌రూమ్, హాలు, చిన్న వంటిల్లు, స్నానాల గదిలో పట్టుకుని లేవడానికి గోడకు కడ్డీలు, కిందికీ పైకీ లిఫ్టు. అద్దె మా ఆదాయంలో 30 శాతం. ఇదే ఊళ్లో ఇలాంటి ఇల్లు మామూలుగా తీసుకుంటే నెలకు రెండు వేల డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. నా పెన్షన్ మొత్తం డాలర్లలోకి మార్చినా అందులో సగం కూడా రాదు. కాబట్టి ఈ ఇల్లు దొరకడం మాకెంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు. సంతోషంగా ఉంది. కానీ మధ్యలో ఒక ఆఫీసులో మా ఆవిడకి జరిగిన అవమానం ఇంకా మనసులో మండుతూనే ఉంది. అది చల్లారకముందే రాసేస్తున్నాను. మా ఈడువాళ్లు ఎవరైనా ఈ దారిలో వెళ్తుంటే ఉపయోగపడుతుంది.

నేను ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. అబ్బాయి ఇక్కడ సిటిజన్ అయ్యాక మా ఇద్దరికీ గ్రీన్ కార్డు తెప్పించాడు. వచ్చినప్పటి నుంచీ వాళ్లింట్లోనే ఉన్నాం. మరి వేరే ఇల్లెందుకని అందరూ అడిగారు. గుళ్లో కనిపించిన ప్రతివాళ్లూ గొంతు తగ్గించి, "ఏమండీ మాస్టారూ, కోడలితో ఏమైనా...?" అన్నవాళ్లే. ఏమీ లేదు. పడకగదులన్నీ మేడ మీద, మా ఆవిడ మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదు. కోడలి అమ్మానాన్నా కూడా పెద్దవాళ్లయ్యారు, వాళ్లూ కూతురి దగ్గర ఉండాలి కదా. అన్నిటికన్నా ముఖ్యం, మా ఇద్దరికీ మా తలుపూ మా తాళం ఉండాలనిపించింది. ముసలివాళ్లు విడిగా ఉంటామంటే పిల్లలు గెంటేశారనుకునే అలవాటు మనవాళ్లు మానుకోవాలి. ఆ మాటలకి నాకన్నా మా కోడలే ఎక్కువ బాధపడింది. మాకోసం ప్రతి ఫారమూ ప్రింటు తీసి పెట్టింది ఆ పిల్లే.

ముందుగా ఇళ్ల రకాలు తెలుసుకోవాలి. మాకు మొదట ఇళ్లు చూపించిన రియల్టర్ "55 ప్లస్ కమ్యూనిటీ" అంటూ రెండు మూడు చోట్లకు తిప్పాడు. వాటిలో వయసు నిబంధన తప్ప అద్దెలో తగ్గింపేమీ లేదు. అవి బయటి ధరకే ఇస్తారు. ఆ మాట మొదటి ఫోన్లోనే చెప్పొచ్చు, చెప్పడు. తక్కువ ఆదాయమున్న పెద్దవాళ్లకి పనికొచ్చేవి వేరే ఉన్నాయి. హడ్ అనే కేంద్ర గృహనిర్మాణ శాఖ డబ్బుతో, సెక్షన్ 202 అనే పథకం కింద, లాభాపేక్ష లేని సంస్థలు కట్టిన సీనియర్ భవనాలున్నాయి. 62 ఏళ్లు నిండాలి, ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో సగానికి లోపు ఉండాలి. అద్దె మన ఆదాయాన్ని బట్టి, ఖర్చుల మినహాయింపులు పోగా 30 శాతం. భవనానికే సెక్షన్ 8 అనే కేంద్ర అద్దె సాయం ముడిపడి ఉన్నచోట్లా లెక్క ఇంచుమించు ఇంతే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు వీటికి అర్హులే.

టాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్లని ఇంకో రకం ఉంది. 1986లో తెచ్చిన పన్ను రాయితీతో కట్టినవి. వాటిలో అద్దె బయటికన్నా తక్కువే కానీ మన ఆదాయంతో పాటు తగ్గదు. పైగా అద్దెకి రెండింతలో రెండున్నర ఇంతలో ఆదాయం చూపించమంటారు. నాలాంటి రూపాయి పెన్షనర్‌కి అక్కడ తలుపు మూసినట్టే. మూడోది న్యూజెర్సీకి ప్రత్యేకం. 1975 నుంచి ఇక్కడి సుప్రీంకోర్టు మౌంట్ లారెల్ కేసుల్లో ఇచ్చిన తీర్పుల వల్ల ప్రతి ఊరూ తన వంతుగా తక్కువ ఆదాయంవాళ్లకి ఇళ్లు ఉండేలా చూడాలి. వాటిని లాటరీ పద్ధతిలో ఇస్తారు. ఇవన్నీ వెతకడానికి రాష్ట్ర ప్రభుత్వపు హౌసింగ్ రిసోర్స్ సెంటర్ వెబ్‌సైటు ఉంది, ఉచితం. 211 అనే సహాయ నంబరుకి ఫోన్ చేసినా చెబుతారు. కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దానిలో, వృద్ధుల సంక్షేమ ఆఫీసు ఉంటుంది, అక్కడ సీనియర్ భవనాల జాబితా అడిగితే చేతికిస్తారు. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆ కాగితమే.

దరఖాస్తు నింపి పెడతానని మనవాళ్లలోనే ఒకాయన మూడు వందల డాలర్లు అడిగాడు. హడ్ సాయమున్న అద్దె భవనాల్లో దరఖాస్తుకి గానీ క్రెడిట్ చెకింగ్‌కి (మన అప్పుల చరిత్ర చూడడానికి) గానీ మన దగ్గర డబ్బు తీసుకోకూడదని నిబంధన. వాళ్లే తీసుకోకూడని డబ్బు ఈ మధ్యవాడికి ఎందుకివ్వాలి? పైసా ఇవ్వకండి. రాయడం ఇబ్బందైతే హడ్ గుర్తింపున్న హౌసింగ్ కౌన్సెలింగ్ సంస్థలున్నాయి, వాళ్లు సాయం చేస్తారు.

దరఖాస్తులు పెట్టడం తేలికే. నేను జాబితాలో ఉన్న ప్రతి భవనానికీ పెట్టాను. తర్వాత ఎదురుచూపు. ఏళ్లు పడుతుంది, అది ముందే మనసులో పెట్టుకోండి. మధ్యమధ్యలో "ఇంకా ఆసక్తి ఉందా" అని ఉత్తరం వేస్తారు. దానికి గడువులోగా జవాబివ్వకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తారు. చిరునామా మారితే ప్రతి ఆఫీసుకీ విడివిడిగా రాయాలి. ఇంట్లోకి వచ్చే ప్రకటనల కాగితాలతో పాటు ఈ ఉత్తరాన్నీ చెత్తబుట్టలో వేసేసి అవకాశం పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

కాగితాల దగ్గర పేరు తేడా అందరికీ వచ్చేదే. నా పీపీఓలో, అంటే పెన్షన్ మంజూరు పత్రంలో, ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. రెండూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ చేయించాను, ఒప్పుకున్నారు. మా ఆవిడకి జనన ధృవీకరణ పత్రం లేదు, పాస్‌పోర్టూ గ్రీన్ కార్డూ సరిపోయాయి. ఊళ్లో తాతల నాటి ఇంట్లో నాకు సగం వాటా ఉంది, మా తమ్ముడు కాపురం ఉంటున్నాడు. అది ఉన్నదున్నట్టు రాశాను. సొంతిల్లుంటే కొన్ని పథకాల్లో అర్హత పోతుందని భయపెట్టి, "అబ్బాయి పేర రాసేసి లేదనండి మాస్టారూ" అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. వినకండి. రెండేళ్లలోపు ఆస్తిని ఊరికే గానీ తక్కువ ధరకి గానీ ఎవరికైనా ఇచ్చేస్తే దాన్నీ లెక్కలో వేస్తారు. పైగా అబద్ధం సంతకం పెట్టి ఇంట్లోకి వెళ్తే ఏ రోజు బయటపడుతుందోనని రాత్రిళ్లు నిద్ర ఉండదు. తమ్ముడు అందులో ఉంటున్నాడని పంచాయతీ పన్ను రశీదుతో చూపిస్తే ఆ అభ్యంతరం అక్కడితో ముగిసింది.

ఇక ఇంటర్వ్యూ.

పిలుపు వచ్చిన భవనం ఆఫీసుకి మేమిద్దరం, అబ్బాయి వెళ్లాం. ఎదురుగా కూర్చున్న అమ్మాయిది మా కోడలి వయసు ఉంటుంది. మొదట నా కాగితాలు తీసింది. మన పెన్షన్ స్లిప్పు చూసినవాళ్లకి తెలుసు, పైన బేసిక్, డీఆర్ (కరువు భృతి), మెడికల్ అలవెన్స్ కలిపి ఒక మొత్తం, కింద కమ్యుటేషన్ కోత, హెల్త్ స్కీము కోత పోగా చేతికొచ్చే మొత్తం. ఆ అమ్మాయి పై అంకె మీద పెన్నుతో సున్నా చుట్టేసింది. కమ్యుటేషన్ అంటే ఏంటో చెప్పాను. పెన్షన్లో 40 శాతాన్ని రిటైరైనప్పుడే ఒకేసారి తీసుకున్నామనీ, దానికి బదులు 15 ఏళ్లపాటు నెలనెలా కోస్తారనీ, ఆ డబ్బు నాకు రాదనీ. "కోతలు మేం చూడం, గ్రాస్ చూస్తాం" అంది, తలెత్తకుండా. సరే, ఇది కాగితంతో తేలే పని, తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

అప్పుడు మా ఆవిడ వైపు తిరిగింది.

"నువ్వు ఏం పని చేస్తావు?" అని అడిగింది. అబ్బాయి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి "ఆమెనే చెప్పనివ్వు" అంది. మా ఆవిడకి ఇంగ్లీషు వినడం కొంచెం వచ్చు, జవాబివ్వడం రాదు. నవ్వి ఊరుకుంది. ఆ అమ్మాయి సొరుగులోంచి ఒక ఫారం తీసింది. పైన పెద్దక్షరాలతో జీరో ఇన్‌కమ్ అని ఉంది. ఆదాయం లేని పెద్దవాళ్లు ఎలా బతుకుతున్నారో చెప్పే ఫారం అది. తిండి, బట్టలు, చెప్పులు, ఫోన్, జుట్టు కత్తిరింపు, సబ్బు, టూత్‌పేస్టు, బట్టల సబ్బు ఒక్కోటీ ఒక్కో వరస. పక్కన రెండు గళ్లు, ఎవరు కొనిస్తారు, నెలకెంత.

ఆ ప్రశ్నల్ని నా నోటితో తెలుగులో మా ఆవిడని అడగాల్సి వచ్చింది. "నీ సబ్బు ఎవరు కొంటారు?" ఆవిడ ముందు నా మొహం చూసింది, తమాషా చేస్తున్నాననుకుంది. కాదని తెలిశాక మెల్లగా అంది, "ఎవరు కొనడమేంటండీ, ఇంట్లో అందరి సబ్బులూ నేనే కదా కొనేది. మీ పెన్షన్ ఒకటో తారీఖున నా చేతికే కదా ఇచ్చేది." అదే ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి గడిలో "భర్త" అని రాసింది. తర్వాత టూత్‌పేస్టు. భర్త. చెప్పులు. భర్త. వరస వరసకీ అదే ముక్క. ఆ పెన్ను కాగితం మీద కదిలే చప్పుడు నాకింకా వినిపిస్తోంది.

నాకు చెప్పాలనిపించింది. ఈవిడ నా ఇరవై రెండొందల జీతంలో ఇద్దరు పిల్లల్ని చదివించి, మా అమ్మని మంచంలో ఉన్నన్నాళ్లూ కడిగి తుడిచి, ఇక్కడికొచ్చి ఇద్దరు మనవళ్లని పురిటి నుంచి బడికెళ్లే దాకా పెంచింది. అమెరికాలో ఒక పిల్లని డేకేర్‌లో పెట్టాలంటే ఎంతవుతుందో ఆ అమ్మాయికే బాగా తెలిసి ఉండాలి. ఆ ఫారంలో ఆ పనికి గడి లేదు. సున్నా అని రాసి కింద సంతకం పెట్టమంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పదలుచుకున్నాను, మనవాళ్లకే. ఆ ఫారం రాసింది ఆఫీసువాళ్లే అయినా, "మా ఆవిడ ఏం చెయ్యదండీ, ఇంట్లోనే" అని మనం కూడా జీవితాంతం పదిమందిలో చెప్పుకుంటూ వచ్చాం. ఇంట్లో ఉన్నావిడ పని ఎన్ని జీతాల పెట్టో లెక్కేసి చూడండి.

ఫోన్ దగ్గర ఇంకో పేచీ వచ్చింది. మా ఇద్దరి ఫోన్లూ అబ్బాయి ఫ్యామిలీ ప్లాన్‌లో ఉన్నాయి. ఆ కొత్త ఇంట్లో మనతో ఉండని మనిషి క్రమం తప్పకుండా చేసే సాయం ఆదాయమే అవుతుందని ఆ మొత్తాన్ని నెలకింతని మా ఆదాయంలో కలిపేసింది. ఈ నిబంధన నిజమే. ఎప్పుడో ఒకసారి ఇచ్చే బహుమతి లెక్కలోకి రాదు, నెలనెలా కట్టే బిల్లు వస్తుంది. ఇది ముందే తెలుసుకోండి.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆ అమ్మాయి చూపు మా ఆవిడ చేతుల మీద పడింది. నాలుగు బంగారు గాజులు, మా పెళ్లికి మా మావగారు పెట్టినవి. "ఇవి అసలైన బంగారమా? వీటి విలువ కట్టించి తేవాలి, ఆస్తుల్లో చూపించాలి" అంది. నేను తర్జుమా చెయ్యలేదు. అవసరం పడలేదు. మా ఆవిడ స్వెట్టరు చేతుల్ని మెల్లగా ముంజేతుల మీదికి లాక్కుంది, వేళ్ల దాకా. బయటికొచ్చి కారెక్కే దాకా అలాగే పట్టుకుంది. కారులో, "మనకీ ఇల్లొద్దండీ, పిల్లాడి దగ్గరే మెట్లెక్కుతాను" అంది. అబ్బాయి స్టీరింగు పట్టుకుని చాలాసేపు బండి తియ్యలేదు.

తర్వాత ఉత్తరం వచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు. కారణం, క్రెడిట్ హిస్టరీ లేదు.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆడిట్ అభ్యంతరాలకి జవాబులు రాసినవాణ్ణి. నా స్కూలు మీద ఒక్క అభ్యంతరం కూడా తేలకుండా మిగల్లేదు. జీఓ చేతిలో ఉంటే ఎవరికీ జంకక్కర్లేదని నాకు సర్వీసు నేర్పింది. ఇక్కడి జీఓ హడ్‌వాళ్ల 4350.3 నంబరు హ్యాండ్‌బుక్. లైబ్రరీలో కూర్చుని, కావలసిన పేజీలు ప్రింటు తీసుకున్నాను. అందులో స్పష్టంగా ఉంది. అప్పులు ఎగ్గొట్టిన చరిత్ర ఉంటే తిరస్కరించొచ్చు, అసలు క్రెడిట్ చరిత్రే లేకపోవడం తిరస్కరించడానికి తగిన కారణం కాదు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. మనం 14 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వొచ్చు, సమావేశం అడగొచ్చు. ఆ సమావేశంలో మొదట నిర్ణయం చేసిన మనిషి నిర్ణయం చెయ్యకూడదు. ఈ 14 రోజులు గుర్తుపెట్టుకోండి. చాలామంది ఉత్తరం చూసి ఏడ్చి ఊరుకుంటారు, గడువు దాటిపోతుంది.

గాజుల సంగతీ వెతికాను. పెళ్లి ఉంగరాలూ, మతపరమైన, సాంస్కృతికమైన వేడుకల్లో పెట్టుకునే నగలూ అవసరమైన వ్యక్తిగత వస్తువుల కిందికే వస్తాయని హడ్ మార్గదర్శకాల్లో ఉంది. ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి పెట్టుకున్నాను.

పేజీ నంబర్లతో సహా ఉత్తరం రాసి, రశీదు వచ్చేలా పోస్టు చేశాను. మా ఆవిడకి తెలుగు దుబాసీ కావాలనీ అందులోనే రాశాను. అబ్బాయి నెట్‌లో మా పెన్షన్ స్లిప్పులు తీసిచ్చాడు. ఊళ్లో ఉన్న పాత శిష్యుడొకడు సబ్ ట్రెజరీ చుట్టూ తిరిగి, కమ్యుటేషన్ కోత ఎంత, ఎప్పటిదాకా అనే సర్టిఫికెట్ సంపాదించి పంపాడు. ఆ కాగితం మీద గుండ్రటి సీలు చూస్తే నాకు ఊపిరొచ్చింది.

సమావేశంలో ఈసారి కూర్చున్నది పెద్దావిడ, పై అధికారి. బల్ల మధ్యలో స్పీకర్ ఫోన్ పెట్టారు. అవతలి నుంచి దుబాసీ, "నమస్కారమమ్మా, మీరు చెప్పండి, నేను ఇంగ్లీషులో చెబుతాను" అంది. మా ఆవిడ మొహంలో మార్పు నేను చూశాను. ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది. పెళ్లి నుంచి ఇప్పటిదాకా తాను చేసిన పనులన్నీ వరసపెట్టి చెప్పింది. గాజులు ఎవరు పెట్టారో, ఎందుకు తియ్యదో చెప్పింది. దుబాసీ ఒక్క ముక్క వదలకుండా చెబుతూ పోయింది. పెద్దావిడ పెన్ను పక్కన పెట్టి విన్నది. చివర్లో, "ఆ ప్రశ్నలు అడిగిన తీరుకి క్షమించమనండి" అంది. తిరస్కరణ అక్కడికక్కడే వెనక్కి తీసుకుంది. గాజుల ప్రస్తావన కొట్టేసింది. కోత పోగా వచ్చే పెన్షనే లెక్క అని ట్రెజరీ సర్టిఫికెట్ ఫైల్లో పెట్టింది. ఫోన్ మాత్రం వదల్లేదు. మేం అబ్బాయి ప్లాన్ నుంచి బయటికొచ్చి చవక ప్రీపెయిడ్ తీసుకున్నాం.

మాలాంటి పరిస్థితిలో ఒంటరిగా పోరాడలేమనుకునేవాళ్లు లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీకి ఫోన్ చెయ్యండి, తక్కువ ఆదాయంవాళ్లకి ఉచితంగా సలహా ఇస్తారు. దుబాసీ కావాలంటే ముందే కాగితం మీద అడగండి. పిల్లల్ని తీసుకెళ్లండి కానీ తర్జుమా వాళ్ల నెత్తిన పెట్టకండి. తల్లి సబ్బు లెక్క కొడుకు చెప్పాల్సిన పరిస్థితి ఎవరికీ వద్దు.

లీజు సంతకం, ఇల్లు చూసుకోవడం ఒక్క పూటలో అయిపోయాయి. డిపాజిట్ మా వంతు ఒక నెల అద్దెంతే. లీజులో రెండు విషయాలు మాత్రం జాగ్రత్తగా చదవండి. ఆదాయం ఏటా మళ్లీ చూపించాలి, కాబట్టి డీఆర్ పెరిగిన ఉత్తర్వులూ బకాయిల కాగితాలూ దాచిపెట్టుకోవాలి. వైద్యం ఖర్చులు ఒక హద్దు దాటితే ఆదాయంలోంచి తీసేస్తారు, అందుకని మెడికేర్ (ఇక్కడ పెద్దవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం, మందుల బిల్లులూ పారేయకండి.

రెండోది ఇండియా ప్రయాణం. మనవాళ్లు చలికాలం వస్తే ఆర్నెల్లు వెళ్లి వస్తారు. ఈ ఇళ్లలో అది కుదరదు. వరసగా 60 రోజులు దాటి ఇంట్లో లేకపోతే ఇల్లు వదిలేసినట్టు లెక్కేసే నిబంధన పెట్టొచ్చు, వైద్య కారణాలకి 180 రోజులు. మా భవనంలో ఆ నిబంధన ఉంది. అందుకే సంక్రాంతికి వెళ్లి ఉగాది దాకా ఉందామనుకున్నది మానుకుని, తమ్ముడి కూతురి పెళ్లికి నెలన్నరకి టికెట్లు తీసుకున్నాం. వెళ్లేముందు ఆఫీసులో తేదీలు రాసిచ్చి, నకలు మీద వాళ్ల సంతకం తీసుకోవాలి.